ఎర్రనేలలో రెండు డైపోళ్లు: 38 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంతను రికార్డు చేసిన అనుభవం

కళ్యాణదుర్గం వైపు ఒక గుట్ట చాటున, శెనక్కాయ పీకేసిన చేనులో రెండు డైపోల్ యాంటెనాలు (మధ్యలో కాస్త ఎడం వదిలి ఒకే వరసలో పెట్టిన రెండేసి లోహపు గొట్టాలు) నిలబెట్టి, ఆకాశం నుంచి వచ్చే రేడియో రొదను 38 మెగాహెర్ట్జ్ దగ్గర రికార్డు చేశాం. యాంటెనాల మధ్య దూరం 63 మీటర్లు. సామాన్లలో తొంభై పాళ్లు అనంతపురం హార్డ్‌వేర్ అంగళ్లలోనూ కేబుల్ టీవీ సామాన్ల అంగళ్లలోనూ దొరికినవే. డిగ్రీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగం ఏదైనా ఈ పని చేయవచ్చు. కట్టడం పెద్ద కష్టం కాదు. తెర మీద లేచి పడే గీత నిజంగా ఆకాశం నుంచి వచ్చిందా, లేక పక్క చేను మోటరు నుంచి వచ్చిందా అని తేల్చడమే అసలు పని. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఫ్రీక్వెన్సీ సంగతి. 37.5 నుంచి 38.25 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న ముక్కలో రేడియో ఖగోళశాస్త్రానికి అంతర్జాతీయంగా చోటు ఉంది. 25.55 నుంచి 25.67 వరకు ఇంకో ముక్క ఉంది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో పగటిపూట షార్ట్‌వేవ్ రొద ఆ 25 దాకా ఎగబాకుతుంది కాబట్టి 38 మేలు. ఇంకా పైకి వెళ్దామంటే 53 దగ్గర వాతావరణాన్ని పరిశోధించే గాదంకి ఎంఎస్‌టీ రాడార్ ఉంది, 88 నుంచి ఎఫ్ఎం స్టేషన్లు మొదలవుతాయి. చవకగా దొరికే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరు యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్) 24 మెగాహెర్ట్జ్ పైన ఏ అదనపు సర్క్యూటూ లేకుండా పని చేస్తుందన్నది ఇంకో సౌకర్యం. గురుగ్రహం రేడియో పేలుళ్లు వినాలనుకునే వాళ్లకు మాత్రం ఇది సరిపోదు. అవి 39.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి, బాగా వినిపించేది 18 నుంచి 24 మధ్య. దానికి కొలతలు వేరు, తిప్పలూ వేరు.

38 మెగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 7.89 మీటర్లు. ఈ ఫ్రీక్వెన్సీలో ఆకాశమే చాలా 'వేడి'గా ఉంటుంది. పాలపుంత నుంచి వచ్చే రొద దాదాపు 10,000 కెల్విన్ ఉష్ణోగ్రతకు సమానం. రిసీవర్ సొంత రొద 1,000 కెల్విన్ లోపే. కాబట్టి ఖరీదైన లో-నాయిస్ ఆంప్లిఫయర్ అక్కరలేదు, కేబుల్లో ఒకటి రెండు డెసిబెళ్లు పోయినా నష్టం లేదు. డబ్బులు ఖర్చు పెట్టాల్సిన చోటు రిసీవర్ కాదు. స్థలం వెతకడానికి తిరిగే పెట్రోలుకు పెట్టండి.

స్థలం ఎలా వెతికామో కాస్త వివరంగా చెప్తాను. సెల్లుతో నడిచే షార్ట్‌వేవ్ రేడియో ఒకటి తీసుకుని, ఏ స్టేషనూ లేని చోట, వీలైనంత పై ఫ్రీక్వెన్సీలో ఏఎంలో పెట్టి చేలగట్ల వెంట నడవాలి. ప్రతి రొదకూ ఒక గొంతు ఉంటుంది, నాలుగు రోజుల్లో చెవికి పట్టుబడుతుంది. 11 కేవీ, 33 కేవీ లైన్ల మీద పగిలిన ఇన్సులేటరో, వదులైన బైండింగ్ తీగో ఉంటే సెకనుకు వందసార్లు కొట్టుకునే బుర్రుమనే మోత వస్తుంది. ఎండలు ముదిరి, దుమ్ము పట్టినప్పుడు అది ఎక్కువ. ఒక మంచి వాన పడి దుమ్ము కడుక్కుపోతే రెండు రోజులు మాయమవుతుంది. సోలార్ పంపుసెట్ల డ్రైవులు (మోటరును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలు) పొద్దెక్కాక మొదలై పొద్దు వాలాక ఆగుతాయి. స్పెక్ట్రమ్‌లో వాటి గుర్తు, దువ్వెన పళ్లలా కొన్ని కిలోహెర్ట్జ్‌లకొకటి నిలబడిన గీతలు. అడవిపందుల కోసం వేసిన కరెంటు కంచె సెకనుకొకసారి టక్కుమంటుంది. చవక ఎల్‌ఈడీ బల్బులు సాయంత్రం నుంచి తెల్లవారేదాకా సన్నగా ఇస్సుమంటూ ఉంటాయి. బైకు పోతే స్పార్క్ ప్లగ్ చప్పుడు వచ్చి పోతుంది, దానితో చిక్కు లేదు.

ఊరికి కనీసం రెండు కిలోమీటర్లు, ఏ కరెంటు లైనుకైనా కనీసం అర కిలోమీటరు దూరం ఉండాలి. గాలిమరలు వరసగా నిలబడ్డ గట్ల దాపున వద్దు. మనకూ ఊరికీ మధ్య రాతిగుట్ట అడ్డంగా ఉంటే ఆ స్థలాన్ని వదలొద్దు. నేల దాపున వచ్చే మనుషుల రొదను గుట్ట చాలావరకు ఆపేస్తుంది, నడినెత్తి ఆకాశాన్ని మాత్రం ఏమీ చేయదు. హిందూపురం దాటి సరిహద్దు అవతలకు వెళ్తే గౌరీబిదనూరులో 34.5 మెగాహెర్ట్జ్ కోసం 1,000 డైపోళ్లతో 'టీ' అక్షరం ఆకారంలో ఒక టెలిస్కోపు కట్టారు. తూర్పు-పడమర చేయి 1.4 కిలోమీటర్లు, దక్షిణపు చేయి 0.45 కిలోమీటరు. అదీ ఇలాంటి నేలలోనే పని చేసింది. మన పల్లెల్లో ఇప్పటికీ అలాంటి చోట్లు మిగిలి ఉన్నాయి, ఇది మన అదృష్టమే.

స్థలం చూసేటప్పుడే రైతును అడిగి రాసుకోవాల్సిన విషయం ఒకటుంది: ఆ ఫీడరుకు వ్యవసాయ కరెంటు ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు పోతుంది? “తొమ్మిది గంటలు ఇస్తారు సామీ, ఎప్పుడిస్తారో మాత్రం మారుతా ఉంటది” అన్నాడు మాకు చేను ఇచ్చిన పెద్దాయన. అది మారిన ప్రతిసారీ పుస్తకంలో రాయాలి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఇక యాంటెనా. అర తరంగం 3.95 మీటర్లు. గొట్టం మందం వల్ల, చివరల ప్రభావం వల్ల దాన్ని 0.95తో హెచ్చించాలి, 3.75 మీటర్లు వస్తుంది. అంటే అర అంగుళం అల్యూమినియం గొట్టం 1.87 మీటర్ల ముక్కలు రెండు. వాటిని పీవీసీ టీ జాయింటుకు రెండు వైపులా దూర్చి, మధ్యలో రెండు సెంటీమీటర్ల ఎడం వదలాలి. అల్యూమినియానికి రాగి తీగను నేరుగా చుట్టొద్దు. వానాకాలం పోయేసరికి ఆ అతుకు తెల్లగా పొక్కి వదులవుతుంది, అప్పుడు గాలి వీచినప్పుడల్లా సిగ్నల్ ఎగిరెగిరి పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు, వాషరు, ట్యాగు వేసి, పైన ఎం-సీల్ పెట్టాలి. డైపోల్‌ను తూర్పు-పడమరగా, నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో, అంటే పావు తరంగం ఎత్తులో నిలబెట్టాం. కింద నేల అద్దంలా పని చేస్తేనే ఆ ఎత్తుకు అర్థం. మన ఎర్రనేల ఎండాకాలంలో నీటి చెమ్మ లేక సరిగా ప్రతిఫలించదు, వాన పడితే ఉన్నట్టుండి గుణం మారుతుంది, రికార్డులో మెట్టులా కనిపిస్తుంది. అందుకని డైపోల్ కింద దానికి సమాంతరంగా జీఐ వైర్లు 40 సెంటీమీటర్ల ఎడంతో పరచాలి. డైపోల్‌కు అటూ ఇటూ నాలుగేసి మీటర్ల దాకా ఉండాలి. మేకుల్లా చిన్న ఇనుప కొక్కేలు దిగ్గొట్టకపోతే మేకల కాళ్లకు తగులుకుంటాయి.

అర తరంగ డైపోల్ నిరోధం 73 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ-6 కేబుల్ 75 ఓమ్‌లు. రెండూ ఇంత చక్కగా కుదిరాక వేరే కేబుల్ వెతకడం దండగ. డైపోల్ దగ్గర కేబుల్‌ను జానెడు వ్యాసంతో ఆరేడు చుట్లు చుట్టి ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాలి. ఈ చుట్టు లేకపోతే కేబుల్ పై జాలీ కూడా యాంటెనా అయిపోయి, గుడిసెలో ఉన్న లాప్‌టాప్ రొదను తీసుకెళ్లి డైపోల్‌కు అందిస్తుంది. రెండు కేబుళ్లనూ ఒకే చుట్ట నుంచి, ఒకే పొడవుకు కోసి, జానెడు లోతున పాతిపెట్టాం. ఎండకు కేబుల్ వేడెక్కితే ఫేజు, అంటే అల ఎక్కడిదాకా వచ్చిందన్న లెక్క, జరుగుతుంది. పాతితే ఆ బాధ తగ్గుతుంది. ఎలుకలు, ఉడతల బాధకు మాత్రం పీవీసీ గొట్టంలోంచి తీయడమే మందు.

రెండు సిగ్నళ్లను కలపడానికి కేబుల్ టీవీ టూ-వే స్ప్లిట్టరును తిరగేసి వాడితే చాలు. కొనేటప్పుడు దాని మీద 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. డిష్ యాంటెనాల కోసం అమ్మేది 950 దగ్గర మొదలవుతుంది, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటుంది, 38 దగ్గర దేనికీ పనికిరాదు. స్ప్లిట్టరు తర్వాత ఎఫ్ఎం బ్యాండును ఆపే ఫిల్టరు, ఆ తర్వాత డాంగిల్. ఈ ఫిల్టరును పొదుపు చేయొద్దు. డాంగిల్‌లో ఉన్నది 8 బిట్ల కన్వర్టరు. అనంతపురం ఎఫ్ఎం సిగ్నల్ దాన్ని నింపేస్తే, 38 దగ్గర లేని సిగ్నళ్లు పుట్టుకొస్తాయి, ఉన్న రొద అణిగిపోతుంది.

విద్యుత్తు మొత్తం 12 వోల్టుల బ్యాటరీ నుంచే. ఇన్వర్టరు, మొబైల్ చార్జరు, లాప్‌టాప్ చార్జరు ఏదీ ఆ ఛాయలకు రాకూడదు. డాంగిల్‌ను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, మూతకు రంధ్రం చేసి కనెక్టరు బిగించి, డబ్బాను గుడిసెలో మూరెడు గుంటలో పూడ్చాం. స్టీలు డబ్బా బయటి రొదను ఆపుతుంది, గుంట వేడిని నిలకడగా ఉంచుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు, తెల్లవారుజామున 24 డిగ్రీలు ఉండే చోట ఇది సోకు కాదు. డాంగిల్ వేడెక్కితే గెయిన్, అంటే సిగ్నల్‌ను ఎన్నింతలు పెంచుతుందన్నది, తగ్గుతుంది. రోజూ ఒకే వేళకు తగ్గి ఒకే వేళకు పెరుగుతుంది కాబట్టి అది అచ్చం ఆకాశం చేసే పనిలాగే కనిపిస్తుంది.

అంతా కలిపాక మొదటి పరీక్ష: యాంటెనా కేబుల్ తీసి, ఆ చోట 75 ఓమ్‌ల రెసిస్టరు బిగించాలి. మట్టం 8 నుంచి 10 డెసిబెళ్లు పడిపోవాలి. ఎందుకంటే ఆకాశం 10,000 కెల్విన్ దగ్గర, రెసిస్టరు గది ఉష్ణోగ్రత 300 దగ్గర, రెండింటికీ రిసీవర్ రొద కలిస్తే నిష్పత్తి తొమ్మిదింతల చుట్టుపక్కల తేలుతుంది. తేడా రెండు మూడు డెసిబెళ్లే ఉంటే ఎక్కడో అతుకు ఊడింది, లేదా గెయిన్ చాలలేదు. పదిహేను దాటితే సంతోషించకండి, అది ఆకాశం కాదు, మనుషుల రొద. అనంతపురం పట్నంలో మేడ మీద పెట్టి చూస్తే తేడా దానికీ మించి వస్తుంది. కొత్తవాళ్లు దాన్నే మంచి సిగ్నల్ అనుకుంటారు.

రికార్డింగుకు ఆర్‌టీఎల్-పవర్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. 0.75 మెగాహెర్ట్జ్ వెడల్పును 5 కిలోహెర్ట్జ్ గదులుగా, అంటే 150 గదులుగా చేసి, సెకనుకొక వరస రాయిస్తే ఫైలు మరీ పెద్దదవదు. గెయిన్ చేత్తో ఒక అంకెకు బిగించాలి. ఆటోమేటిక్ గెయిన్ వదిలేస్తే, ఆకాశం పెరిగినప్పుడల్లా అది తగ్గించి గీతను చదును చేసేస్తుంది. 150 గదుల సగటు తీయొద్దు, మధ్యగతం (వరసలో పేర్చితే నడిమికి వచ్చే విలువ) తీయండి. ఒకటి రెండు గదుల్లో ఏ డ్రైవు గీతో, ఏ వాకీటాకీయో దూరినా మధ్యగతం చెదరదు, సగటు చెదురుతుంది. బ్యాండు నడిమధ్య డాంగిలే పుట్టించే ముల్లు ఒకటి ఉంటుంది, ఆ రెండు మూడు గదులూ తీసేయాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. గీత లేస్తోంది, పడుతోంది. ఎవరు చేస్తున్నారు?

సూర్యుణ్ణి బట్టి నడిచేవి 24 గంటలకొకసారి తిరిగొస్తాయి: ఎండ వేడి, సోలార్ పంపులు, సాయంత్రం బల్బులు. కరెంటును బట్టి నడిచేవి ఫీడరు వేళలను పట్టుకుంటాయి. నక్షత్రాలు మాత్రం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకొకసారి అదే చోటికి వస్తాయి. అంటే పాలపుంత శిఖరం ప్రతిరోజూ 3 నిమిషాల 56 సెకన్లు ముందుకు జరుగుతుంది. పదిహేను రోజుల్లో దాదాపు గంట, నెలలో రెండు గంటలు. అమెరికా ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర విన్న రొద పాలపుంతదని 1933లో ప్రకటించగలిగింది ఈ నాలుగు నిమిషాల జరుగుడును పట్టుకునే. తొంభై ఏళ్ల తర్వాత కూడా దీనికి మించిన రుజువు లేదు. అందువల్ల ఒక్క రాత్రి రికార్డు ఎంత అందంగా ఉన్నా దాన్ని నమ్మొద్దు. గెయిన్, కేబుల్, ఎత్తు ఏదీ కదిలించకుండా పదిహేను రోజులకు తగ్గకుండా తీసి, రోజుల గీతలను ఒకదాని కింద ఒకటి పేర్చాలి. గడియారం వేళను బట్టి పేర్చితే మనుషుల రొదలు నిలువుగా ఒకే వరసలో నిలబడతాయి, పాలపుంత ఏటవాలుగా ఎడమకు జారుతుంది. నాక్షత్ర కాలాన్ని (నక్షత్రాల తిరుగుడుతో లెక్కించే వేళను) బట్టి పేర్చితే పాలపుంత నిలువుగా నిలబడి, మోటార్లు ఏటవాలుగా కుడికి జారతాయి. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కలిగే ఆనందం విద్యార్థుల ముఖాల్లో చూడాలి.

మన అక్షాంశంలో, అంటే 14.7 డిగ్రీల ఉత్తరంలో, శిఖరం నాక్షత్ర కాలం 18, 19 గంటల మధ్య వస్తుంది. పాలపుంత లోపలి భాగం అప్పుడు నెత్తి మీదికి వస్తుంది. 9 నుంచి 12 గంటల మధ్య గీత అడుగున ఉంటుంది. డైపోల్ చూపు చాలా వెడల్పు కాబట్టి కొన లేని గుట్టలాంటి ఆకారమే వస్తుంది, సన్నని శిఖరం కాదు. అనంతపురం స్థానిక కాలం మన ప్రామాణిక కాలానికి 20 నిమిషాలు వెనక అన్నది లెక్కలో మరవొద్దు. ఏప్రిల్ ఒకటో తేదీ ప్రాంతంలో నాక్షత్ర కాలం 18 గంటలు అంటే గడియారంలో ఉదయం సుమారు 5:40. ఏప్రిల్ నడిమికి 4:45, మే ఒకటికి 3:40 అవుతుంది. తెల్లవారుజాము కావడం మనకు అన్ని విధాలా మేలు. సోలార్ డ్రైవులు నిద్రలేవవు, అయనావరణం (వాతావరణం పైన ఉండే విద్యుదావేశ పొర) బాగా పలచబడి ఉంటుంది, ఉరుముల కాలం ఇంకా ముదరదు.

సాయంత్రాల గురించి ఒక హెచ్చరిక. మన జిల్లా భూ అయస్కాంత మధ్యరేఖకు కొద్ది డిగ్రీల ఉత్తరాన మాత్రమే ఉంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పొద్దుగూకాక అయనావరణంలో తక్కువ సాంద్రత గల బుడగలు పైకి లేస్తాయి. రాత్రి ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా రేడియో మూలాలు నక్షత్రాల్లా మిణుకుమంటాయి. ఐరోపాలో రాసిన పుస్తకాల్లో ఈ బాధ ఇంతగా కనిపించదు. అర్ధరాత్రి తర్వాతి రికార్డునే లెక్కలోకి తీసుకోండి.

ఒక్క యాంటెనాతో పాలపుంత దొరుకుతుంది. రెండో యాంటెనా ఎందుకంటే, చిన్న మూలాలను పెద్ద నేపథ్యం నుంచి విడదీయడానికి. 63 మీటర్లు అంటే ఎనిమిది తరంగదైర్ఘ్యాలు. మూలం తూర్పు నుంచి పడమరకు పోతుంటే రెండు యాంటెనాల సిగ్నళ్లు ఒకసారి కలిసి, ఒకసారి కొట్టేసుకుని, అలల పట్టీలు వస్తాయి. నడినెత్తిన ఉన్నప్పుడు సూర్యుడికి ఒక అల 28, 29 నిమిషాలు, దూరపు రేడియో గెలాక్సీ సిగ్నస్-ఏ కు 38, పేలిపోయిన నక్షత్రపు శేషం కాసియోపియా-ఏ కు 55. అల నిడివే మూలం చిరునామా చెప్తుంది. ఆకాశమంతా పరుచుకున్న పాలపుంత రొద ఈ పట్టీలలో దాదాపు కనిపించదు.

కానీ చిక్కు పరిమాణంలో ఉంది. సిగ్నస్-ఏ బలం 38 మెగాహెర్ట్జ్ దగ్గర 22,000 జాన్‌స్కీలు (రేడియో మూలాల బలాన్ని కొలిచే ప్రమాణం). మన డైపోల్‌లోకి దిగేసరికి అది 100 కెల్విన్ అటూ ఇటూ, వెనకాల 10,000 కెల్విన్ల నేపథ్యం. నూటికి ఒక వంతు. సిద్ధాంతం ప్రకారం 10 సెకన్లు పోగేస్తే రొద నాలుగు కెల్విన్లకు దిగుతుంది కాబట్టి దొరకాలి. దొరకనివ్వనిది గెయిన్ ఊగిసలాట. దీనికి మందు బ్రిటిష్ ఖగోళశాస్త్రవేత్త మార్టిన్ రైల్ కనిపెట్టిన ఫేజు మార్పిడి. ఒక యాంటెనా కేబుల్లో అర తరంగం పొడవు అదనపు ముక్కను రిలేతో కలుపుతూ తీస్తూ ఉండాలి. ఆర్‌జీ-6 నురగ కేబుల్లో వేగం కాంతివేగంలో 0.83 వంతు, కాబట్టి ముక్క పొడవు 3.28 మీటర్లు. ముక్క కలిసినప్పుడు అల తిరగబడుతుంది, నేపథ్యం మాత్రం మారదు. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేస్తే నేపథ్యం పోయి అల మిగులుతుంది. డాంగిల్ డేటా యూఎస్‌బీ గుండా వచ్చేసరికి వేళ కాస్త అటూ ఇటూ అవుతుంది గనుక, వేగంగా మార్చొద్దు. ఒక్కో స్థితిలో 10 సెకన్లు ఉంచి, మొదటి సెకను పారేయండి. రిలేను నడిపే చిన్న బోర్డూ రొద చేసేదే, దానికి వేరే స్టీలు డబ్బా.

తీసివేసిన తర్వాత సున్నా దగ్గర నిలకడగా ఉండాల్సిన గీత ఒక పక్కకు ఒరిగి ఉంటే, అదనపు ముక్క ఉన్న చేయిలో నష్టం ఎక్కువగా ఉందని అర్థం. రెండో చేయిలో నష్టాన్ని సరిసమానం చేయాలి. సిగ్నస్-ఏ మే నెలలో తెల్లవారుజామున నెత్తి మీదికి వస్తుంది. మరో రేడియో గెలాక్సీ విర్గో-ఏ మనకు దాదాపు నడినెత్తినే పోతుంది గానీ బలం దానిలో ఐదో వంతు. చాలా రాత్రుల పోగు కలిపితే తప్ప తేలదు.

పగటి రికార్డును పారేయకండి. ప్రశాంతంగా ఉన్న సూర్యుడు ఈ ఫ్రీక్వెన్సీలో సిగ్నస్-ఏ కంటే బలహీనం, పేలితే మాత్రం దాన్ని మించిపోతాడు. టైప్-3 పేలుడు కొన్ని సెకన్లే ఉంటుంది. కాంతివేగంలో మూడో వంతుతో బయటకు దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు దాని కారణం. అవి పైకి పోయేకొద్దీ సాంద్రత తగ్గి, ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. మన సన్నని బ్యాండులో ఆ జారుడు కనపడదు, ఒక్క ముల్లులా లేచి పడుతుంది. అచ్చం మెరుపులాగే. అందుకని అదే నిమిషం ఈ-కాలిస్టో (సూర్యుడి రేడియో పేలుళ్లను గమనించే అంతర్జాతీయ స్టేషన్ల) వలయంలోని స్టేషన్ల బొమ్మలు తీసి చూడాలి, అవి అందరికీ ఉచితం. ఖండం అవతల ఉన్న స్టేషన్‌లో కూడా అదే సెకనులో ఉంటే అది సూర్యుడే. సౌరజ్వాల బలంగా ఉంటే ఇంకో విడ్డూరం కనిపిస్తుంది: ఎక్స్-కిరణాలు అయనావరణం అడుగు పొరను చిక్కబరచి, పాలపుంత రొదనే కాసేపు మింగేస్తాయి. గీత పైకి లేవాల్సింది పోయి గుంట పడుతుంది. ఆ గుంటలు రాసి పెట్టుకోండి, వాటితోనే ఒక విద్యార్థికి మంచి ప్రాజెక్టు అవుతుంది.

ఏప్రిల్ చివర్లో మబ్బు పట్టిందంటే కేబుళ్లను గుడిసె బయటే విప్పేసి, కనెక్టర్లను భూమిలో పాతిన రాడ్డుకు తగిలించాలి. ఉరుము వినిపించాక వెళ్లి విప్పడం కాదు, మబ్బు కనిపించగానే.

ఇప్పుడు మూడో డైపోల్ కోసం గుంట తవ్వాం, మొదటిదానికి 21 మీటర్ల దూరంలో, అదే తూర్పు-పడమర గీత మీద. దానితో 21, 42, 63 మీటర్ల మూడు జతలు వస్తాయి. అప్పుడు ఒక్క స్ప్లిట్టరు చాలదు, ఒకే గడియారంతో నడిచే మూడు డాంగిళ్లు కావాలి. ఒక్కో డాంగిల్ మొదలవడంలో వచ్చే ఆలస్యం ప్రతిసారీ మారుతుంది కాబట్టి, ఆన్ చేసిన ప్రతిసారీ మూడింటికీ ఒకే రొద పంపి సరిచూసుకునే ఏర్పాటు ముందు పూర్తి కావాలి.